తువ్వాలు కింద బేస్‌బాల్

నేను కుర్రాడిగా ఉన్న రోజుల్లో మా ధర్మవరం చుట్టుపక్కల ఆట అంటే క్రికెట్టే. అలాంటి కాలంలో నేను బేస్‌బాల్ జట్టులో క్యాచర్‌నయ్యాను. (అంటే బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని, ఏ బంతి వేయాలో పిచ్చర్‌కు వేళ్లతో రహస్యంగా చెప్పేవాణ్ణి. మా అవ్వకు ఇదంతా వివరిస్తే, "గొంతుక్కూచునేదానికి ధర్మవరం దాకా పోవల్నా?" అంది.) మా నాయన ఎద్దుల సంతలో దళారి. "ఈ ఒక్క ఆట సూస్తా. రాష్ట్రం టీములోకి తీసుకుంటే ఆడుకో. ల్యాకుంటే నాతో సంతకు రావల్ల" అన్నాడు. నాకేమో ఎద్దులంటే భయం.

ఆ రోజు గుడిబండ జట్టుతో ఆట, రాష్ట్ర జట్టుకు ఎంపిక చేసేవాళ్లూ చూడటానికి వచ్చారు. రహస్య సైగలకు నేను పెద్ద తెలివే ఉపయోగించాను. సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్లతో చెప్పుకునే అంకెలనే మా పిచ్చర్‌కు నేర్పాను. వేగం బంతికి పది, మెలి తిరిగే బంతికి ఐదు. గుడిబండ వాళ్లంతా రైతుల పిల్లలనీ, సంతల్లోనే పెరిగారనీ ఈ బుర్రకు తట్టలేదు. కాసేపటికే రెండో బేస్ దాకా చేరి నాకెదురుగా నిలబడ్డ వాళ్ల ఆటగాడు నా వేళ్లు చూసి, "ఐదొస్తాదప్పా, ఆగి కొట్టు!" అని అరవడం, బ్యాటరు ఆగి కొట్టడం మొదలైంది. చివరికి మాకు ఒక్క పరుగు ఆధిక్యం మిగిలింది, వాళ్లకు ఆఖరి బ్యాటరు, వాడు ఇంకొక్కసారి ఊపి తప్పితే ఆట మాదే. నా కళ్ల ముందు ఎద్దులే కనిపిస్తున్నాయి.

గట్టు మీంచి నాయన లేచాడు. "రేయ్, తువ్వాల ల్యాకుండా ఎవుడన్నా బేరం సేస్తాడేంరా!" అని భుజం మీది తువ్వాలు విసిరాడు. నేను వెంటనే చేతిమీద కప్పుకున్నాను. "నాకూ కనపళ్యా!" అని పిచ్చర్ మొత్తుకున్నాడు. దాంతో అంపైర్‌ను ఆగమని, పిచ్చర్ దగ్గరికే వెళ్లి, ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, ఐదు అని వేళ్లు నొక్కాను.

"ఏమప్పా, ఆడ ఎద్దులమ్ముతాండారా?" అన్నాడు అంపైరు. మైదానమంతా నవ్వింది. నేను వెనక్కొచ్చి కూర్చున్నాక, బ్యాటరూ నవ్వుతూనే బ్యాటు ఊపాడు. బంతి మెలి తిరిగి నా గ్లవ్‌లో పడింది.

నాయన నా చేతిలోని తువ్వాలు తీసుకుని, దులిపి భుజాన వేసుకుని, "బేరం కుదిరింది. పో, ఆడుకో" అన్నాడు.

రాష్ట్ర జట్టులో నేను ఆడిన దానికంటే బెంచీ మీద కూర్చున్నదే ఎక్కువ. ఇప్పుడు పెనుకొండలో పిల్లలకు ఆ ఆటే నేర్పుతున్నాను. గొంతుక్కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. నాయన లేడు. అయినా ఆట బిగిసినప్పుడల్లా నా చూపు గట్టు మీదికే పోతుంది, నా భుజం మీద నాయన తువ్వాలుందో లేదోనని చెయ్యి తడుముకుంటుంది. ఉంటుంది.