పొట్టు గుట్ట మీదకి దూకిన మా అక్క

మా చిన్నప్పుడు సినిమా హాల్లో ఫైటింగు మొదలైతే చాలు... మా అమ్మ కొంగు మొహం మీదకి లాగేసుకునేది. ఆ కొంగు చాటు నుంచే "అయిపోయిందా చిట్టీ? అయిపోయిందా?" అని అడుగుతూ ఉండేది. చూసి చెప్పడం నా డ్యూటీ. నేనేమో వేళ్ళ సందుల్లోంచి చూసేదాన్ని. పిరికితనంలో ఇద్దరం ఇద్దరమే!

మా అక్క దేవి అలా కాదండీ. బెంచీ ఎక్కి మరీ విజిల్ వేసేది. "ఆడపిల్లవి, ఏంటే ఆ ఈలలు?" అని వెనకవాళ్ళు కసిరినా లెక్కచేసేది కాదు. ఇంటికొచ్చాక హీరోలా నడవడం, కాలరే లేని గౌనుకి కాలరెగరేయడం... బబుల్‌గమ్ములో వచ్చే ఫైటింగు బొమ్మలన్నీ బియ్యం డబ్బా మూతకి అంటించేసింది.

అప్పటి సినిమాల్లో ఒక తమాషా గమనించారా? హీరో ఎంత ఎత్తు నుంచి దూకినా కింద గడ్డివాము సిద్ధంగా ఉంటుంది. దాన్ని అక్కడెవరు వేశారని ఎవరూ అడగరు. ఆయన లేచి, జుట్టు సర్దుకుని, మళ్ళీ నలుగుర్ని బాదుతాడు. చొక్కాకి ఒక్క గడ్డిపరక అంటదు. ఇప్పుడంటే నవ్వొస్తుంది గానీ... అప్పుడు మాకు అదంతా నిజమే.

మాది అంబాజీపేట పక్క ఊరు. ఇంటి వెనకాలే కొబ్బరి పీచు మిల్లు. అమ్మ అందులో పీచు ఆరబెట్టే పనికి వెళ్ళేది. కొబ్బరి డొక్కల్లోంచి పీచు లాగేశాక మిగిలే పొట్టుని షెడ్డు పక్కన పెద్ద గుట్టలా పోసేవారు. చూడ్డానికి పరుపులా మెత్తగా ఉండేది. పెద్దవాళ్ళు మమ్మల్ని దాని దగ్గరికి వెళ్ళనిచ్చేవారు కాదు. ఎందుకో చెప్పేవారు కాదు, తిట్టేవారంతే.

ఒక వేసవి సెలవుల్లో... మధ్యాహ్నం అన్నాలకని మిల్లు ఆపారు. అమ్మావాళ్ళు అవతల షెడ్డులో కేరేజీలు విప్పుకుంటున్నారు. ఇవతల మా అక్క పీచు కట్టల మీదుగా ఎక్కి, షెడ్డు రేకుల మీద నిలబడింది. ముందురోజే మేడ మీంచి దూకే హీరోని చూసొచ్చాం మరి! తలకి ఎర్రగుడ్డ కూడా కట్టింది.

"చిట్టీ, నేను దూకగానే విజిలెయ్యాలి. తెలిసిందా?"

"నాకు విజిల్ రాదే... దిగిపోవే అక్కా, నాకు భయమేస్తంది!"

"నీకు బల్లిని చూసినా భయమే!"

దూకేసింది.

సినిమాలో అయితే ఢమఢమా మ్యూజిక్కు వస్తుంది కదా... ఇక్కడ చప్పుడే లేదు. అక్క నడుం దాకా దిగిపోయింది. నన్ను చూసి నవ్వింది కూడా. అంతలో పైనున్న పొట్టంతా జరజరా జారి దాని మీద పడిపోయింది. కాసేపు ఎర్రగుడ్డ కనబడింది... తర్వాత అదీ కనబడలేదు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎలా పరుగెత్తానో తెలీదు, అమ్మ ముందుకెళ్ళి నిలబడ్డాను. గుట్ట వైపు చెయ్యి చూపించాను.

"అక్కేదే?" అంది అమ్మ. నా మొహం చూసింది. తింటున్న అన్నం అక్కడే పడేసి పరుగందుకుంది.

అమ్మ గుట్ట ఎక్కబోతుంటే, తనతో పనిచేసే సత్యవతి పిన్ని వెనక నుంచి కేకేసింది.

"అక్కా, ఎక్కకు! కాలేస్తే ఇంకా జారిపోద్ది, పిల్ల మీద పడిపోద్ది! మట్టలు తెండర్రా, మట్టలు!"

అందరూ ఎండు కొబ్బరిమట్టలు ఈడ్చుకొచ్చి పొట్టు మీద పరిచారు. అమ్మ వాటి మీద బోర్లా పడుకుని, పాక్కుంటూ వెళ్ళి, రెండు చేతులతో తోడడం మొదలుపెట్టింది. "దేవీ... దేవీ..." తోడినకొద్దీ పొట్టు మళ్ళీ జారుతోంది. అక్క ఇంక రాదనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ముందు ఎర్రగుడ్డ వచ్చింది, ఖాళీగా. అమ్మ దాన్ని అవతలికి విసిరేసి ఇంకా తోడింది. తర్వాత జుట్టు చేతికి తగిలింది. మొహం చుట్టూ తోడి, చంకల కింద చేతులేసి బయటికి లాగేసింది. అక్క నోటినిండా పొట్టే. అమ్మ వేలు పెట్టి తీసింది. వీపు మీద చరిచింది. అక్క కదల్లేదు. మళ్ళీ చరిచింది.

అప్పుడు దగ్గింది... ఆ దగ్గు విన్నాక నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

అమ్మ అక్కని ఇంటికి ఎత్తుకొచ్చి, తలంటి, అన్నం కలిపి పెట్టి... ఆ తర్వాత వాయించింది చూడండీ! వాయిస్తూ అమ్మే ఎక్కువ ఏడ్చింది.

అయినా సినిమాలు మానామా? మానలేదు. అమ్మ కొంగు కప్పుకోవడమూ మానలేదు. కానీ అడిగే మాట మారిపోయింది. "అయిపోయిందా?" అనడం మానేసి "లేచేడా?" అని అడిగేది.

మొన్న అక్క కువైట్ నుంచి సెలవు మీద వస్తే, అమ్మనీ మా అమ్మాయినీ తీసుకుని అమలాపురంలో కొత్త సినిమాకి వెళ్ళాం. ఏసీ, మెత్తటి సీట్లు, గుండెలదిరే సౌండు... హీరో హెలికాప్టర్లోంచి దూకేశాడు. హాలంతా ఈలలు. అక్క మాత్రం ఈల వేయలేదు. అమ్మ దాని మణికట్టు గట్టిగా పట్టేసుకుంది.

"అమ్మమ్మా, అదంతా గ్రాఫిక్సు. ఎవరూ దూకలేదు" అంది మా అమ్మాయి.

"ఔనా తల్లీ" అంది అమ్మ కొంగు చాటు నుంచి. చెయ్యి మాత్రం వదల్లేదు. "లేచేడా చిట్టీ?"

"లేచేడమ్మా" అన్నాను.

"నేనిక్కడే ఉన్నానే అమ్మా" అంది అక్క, మెల్లగా.

ఇప్పటి హీరోలకి గడ్డివాము కూడా అక్కర్లేదు. వాళ్ళకేమవుతుందో అని భయపడేవాళ్ళూ లేరు. అంత పెద్ద హాల్లో కొంగు కప్పుకున్నది మా అమ్మ ఒక్కతే...

మీలోనూ సినిమా చూసొచ్చి దూకినవాళ్ళు ఉండే ఉంటారు. మీ గొప్పలు తర్వాత వింటాను. ముందు... కింద నిలబడి చూసినవాళ్ళు చెప్పండి.