ఒకే పందిట్లో రెండు గంపలు

మా నాయన్ని పిసినారి అంటే ఆయనకి ఒళ్ళు మండేది. "నేను జాగర్త తెలిసినోణ్ణి" అనేవాడు. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. అణాలు పైసలుగా మార్చేటప్పుడు ఎక్కడో పావు పైసా ఎగిరిపోతా ఉందని అంగడి వాళ్ళందరితో తగాదా పడేవాడు. అట్టాంటి మనిషి ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన కొడుకూ కూతురూ ఒక్కసారే కూచుంటే ఏం చేస్తాడు? కుండమార్పిడి కుదుర్చుకున్నాడు.

కుండమార్పిడి అంటే మరేం లేదు. మా అన్న అవతలింటి పిల్లని చేసుకుంటాడు, ఆ పిల్ల అన్న నన్ను చేసుకుంటాడు. ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. మా ఊరు ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు. వాళ్ళది బుచ్చిరెడ్డిపాలెం పక్కన పల్లె. మా ఇంటి ముందరే పందిరి, రెండు పెళ్ళిళ్ళూ ఒకే ముహూర్తానికి. ఒకే పురోహితుడు, ఒకే మేళం, ఒకే వంటమనిషి. మా నాయనా, మా మామా అరుగు మీద కూచుని ఒకరు ఒక ఖర్చు కొట్టేస్తే ఇంకొకరు ఇంకోటి కొట్టేసేవాళ్ళు. వాళ్ళ మొహాల్లో ఆనందం చూడాలి, పెళ్ళి వాళ్ళకే అన్నట్టు.

నాకు మాత్రం అన్నం సయించేది కాదు. ఎందుకంటారా? మా వీధిలోనే ఒక ఇంట్లో అట్టాంటి పెళ్ళే జరిగింది. ఆ ఇంటి ఆడపిల్ల అత్తగారింట్లో గొడవపడి ఒక పొద్దున పుట్టింటికి వచ్చేసింది. ఆ సాయంత్రానికల్లా వీళ్ళు తమ కోడల్ని బండెక్కించినారు. ఆమె చేసిన తప్పేంది? ఏమీ లేదు. మొగుడు మంచోడే. బండి వెనకాల కొంత దూరం ఏడ్చుకుంటా నడిచినాడు కూడా. అయినా పంపించినాడు. మా బిడ్డ మా ఇంట్లో కూచోనుంటే మీ బిడ్డ మా ఇంట్లో ఎట్టా ఉంటాది? అంతే లెక్క. నేను మా గుమ్మంలో నిలబడి అదంతా కళ్ళారా చూసినాను.

మా అన్న సంగతి నాకు తెలుసు. నేనంటే ప్రాణం పెడతాడు, కాదనను. కానీ కోపమొస్తే మనిషి కాదు. కూరలో ఉప్పు తగ్గితే కంచం గోడకేసి కొట్టేవాడు. ఆ గోడ నేనే అలికేదాన్ని. రేపు ఆ పిల్ల మీద చెయ్యి చేసుకుంటే, ఆ పిల్ల ఊరుకోకుండా పుట్టింటికి వస్తే, నేను మూట కట్టుకోవాల్సిందే. నా కాపురం నా చేతిలో లేదు, నా మొగుడి చేతిలో లేదు, మా అన్న చేతిలో ఉంది. 

అమ్మతో చెప్పినాను. అమ్మ చేట కిందపెట్టి నా మొహంలోకి చూసి, "నోరు మూసుకో అమ్మే. పైసా అప్పు లేకుండా రెండు పెళ్ళిళ్ళు గట్టెక్కుతా ఉండాయి. మీ నాయన వింటే చంపేస్తాడు" అనింది. ఇంకెవరితో చెప్పుకునేది?

పెళ్ళి పొద్దుటి పూట. సర్వి కర్రలు పాతి తాటాకులు కప్పిన పందిరి. సముద్రపు గాలికి ఆకులు ఒకటే గోల. పందిట్లో ఒక పక్క మా వాళ్ళు, ఇంకో పక్క వాళ్ళ వాళ్ళు కూచున్నారు. పెళ్ళికొడుకుల పీటలు కూడా ఎవరిది వాళ్ళ వాళ్ళ పక్కనే. ఇద్దరు పెళ్ళికొడుకులకీ, ఇద్దరు పెళ్ళికూతుళ్ళకీ మధ్య రెండు అడ్డుతెరలు పట్టాలి కదా. మా నాయన ఒకే పంచె తెచ్చి ఈ కొస నుంచి ఆ కొసకి పట్టించినాడు. నాకూ ఆ పిల్లకీ చీరలు కూడా ఒకే రంగు, ఒకే అంచు. రెండూ ఒకేచోట తీసుకుంటే అంగడతను తగ్గించి ఇచ్చినాడంట.

మా ఇద్దరికీ బాసికాలు కట్టి గంపల్లో కూచోబెట్టినారు. నా గంప మా మేనమామ ఎత్తినాడు, ఇంకొకాయన సాయం పట్టినాడు. ఆ పిల్ల గంప వాళ్ళ మేనమామ. మా అమ్మా నాయనా తెరకి అవతల అల్లుడి కాళ్ళు కడుగుతా ఉన్నారు. అవతలి వాళ్ళు మా అన్న కాళ్ళు కడుగుతా ఉన్నారు. "ముహూర్తం దగ్గరపడింది, తొందరగా తీసుకురండయ్యా" అని పురోహితుడు కేకలు. మా మేనమామ పందిట్లోకొచ్చి చూసినాడు. మామూలు పెళ్ళిలో పెళ్ళికూతుర్ని ఎక్కడికి తీసుకుపోతారు? పెళ్ళికూతురు వాళ్ళు ఉన్న వైపుకి. ఆయనా అదే చేసినాడు. మా వాళ్ళున్న వైపు తీసుకుపోయి దించినాడు. అది చూసి అవతలి మేనమామ ఆ పిల్లని వాళ్ళ వాళ్ళ వైపు దించినాడు.

నేను తల వంచుకునే ఉన్నాను. తల ఎత్తకూడదు, మాట్లాడకూడదు, అదీ పెళ్ళికూతురి పని. ఒక్క పంచె అంత దూరం లాగేసరికి తెర పొట్టిదయింది, గాలికి అంచు లేస్తా ఉంది. కింద పీట మీద కాళ్ళు కనపడినాయి. ఎడమ బొటనవేలికి గోరు లేదు. నాగటి కర్రు దిగి ఊడిపోయిన గోరది. ఆ వేలికి పసుపు గుడ్డ కట్టింది నేనే.

దేవుడా! కాదేమో, ఇంకెవరికైనా అట్టాంటి వేలు ఉండొచ్చేమో అని ఒక క్షణం నన్ను నేనే మోసం చేసుకున్నాను. అరిస్తే? పెళ్ళికూతురికి ఇష్టం లేదంటారు. వాళ్ళు పీటల మీద నుంచి లేచిపోతారు. నాది చెడితే అన్నదీ చెడుతుంది. అరవకపోతే? ఆ ఆలోచన పూర్తి కాకముందే పురోహితుడు చెయ్యి ఊపినాడు, గట్టిమేళం ఎత్తుకున్నారు. తెర మీదుగా జీలకర్రా బెల్లం పట్టుకున్న చెయ్యి నా తల మీదకి వచ్చింది.

రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకున్నాను. "అన్నా! నేను! అన్నా, నేను!" అని అరిచినాను. మేళంలో నా గొంతు నాకే వినపడలేదు. కానీ ఆ చెయ్యికి నా పట్టు తెలిసింది. తెర ఊడొచ్చింది. అవతల మా అన్న మొహం. అంత భయపడిన మొహం నేను ఆయనలో ఎప్పుడూ చూడలేదు.

ఆ భయం మరుక్షణంలో కోపమైపోయింది. పీట కాలితో తన్ని, మా మేనమామ మీదకి చెయ్యెత్తి దూకినాడు. నలుగురు పట్టుకుని ఆపినారు. పురోహితుడు గడియారం చూసుకుని, "ముహూర్తం ఇంకా ఉంది, పిల్లల్ని మార్చండి" అన్నాడు. గంపలు అటుదిటు ఇటుదటు చేసినారు. ఎవరో నవ్వినారు, ఇక పందిరంతా నవ్వులే. మా నాయన కూడా నవ్వినాడు. రెండు గంపలూ ఎదురుపడినప్పుడు ఆ పిల్ల నన్ను చూడలేదు. మా అన్న ఎత్తిన చేతినే చూస్తా ఉంది.

పెళ్ళయింది. భోజనాలయినాయి. సాయంత్రం వాళ్ళ బళ్ళలోనే నన్ను తీసుకుపోతున్నారు, ఆ పిల్ల మా ఇంట్లో ఉండిపోతుంది. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

"వదినా, నువ్వు మా అన్న దగ్గర ధైర్యంగా ఉండు" అనింది. "ఈడ ఏం జరిగినా సరే, నేను అలిగి మా ఇంటికి రాను. నీకు మాట ఇస్తా ఉండాను."

నా ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళుగానో గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. ఆమెని కావిలించుకుని బండెక్కినాను. బండి సర్వి తోపుల్లోకి పోయిన తర్వాతగానీ ఆమె ఏం మాటిచ్చిందో నాకు తలకెక్కలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు కనపడలేదు.

ఆమె మాట నిలబెట్టుకుంది. పండక్కి వచ్చేది, పురిటికి వచ్చేది. అలిగి మాత్రం ఒక్కసారి కూడా పుట్టింటి గుమ్మం ఎక్కలేదు. నన్ను ఎవరూ మూట కట్టుకోమనలేదు. మా ఆయన మంచోడు, నా కాపురం చల్లగా సాగింది. మా నాయన చచ్చేదాకా ఆ పెళ్ళి గురించి గొప్పగా చెప్పుకున్నాడు. ఆమె వచ్చినప్పుడల్లా నేనే నీళ్ళిచ్చేదాన్ని, జడ వేసేదాన్ని, పక్కన పడుకుని ఊళ్ళో కబుర్లన్నీ మాట్లాడేదాన్ని. మా అన్న నిన్ను ఎట్టా చూసుకుంటున్నాడు వదినా అని మాత్రం అడగలేదు. ఏం చెబుతుందోనని భయం.