వీపు మాత్రమే కనిపించిన హీరోయిన్

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఏదో ప్రేమ సినిమా చూపించింది, పేరున్న తారలు లేరు, సెట్టింగులు లేవు, ఇద్దరు రోడ్డు మీద నడుస్తూ మాట్లాడుకుంటారంతే. "ఇందులో ఏమీ జరగదమ్మా, ఫిర్ భీ కిత్నా ప్యారా హై, ఎంత ముద్దుగా ఉందో" అని అది మురిసిపోతుంటే నాకు లోలోపల నవ్వొచ్చింది, అలాంటి సినిమాలో వాళ్లమ్మే హీరోయిన్ అని దానికి ఇంతవరకు చెప్పనే లేదు.

తొంభైల్లో మేం హిందీ రాష్ట్రంలో, ఉక్కు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్‌లో ఉండేటప్పుడు, పెళ్లిళ్లకు వీడియో తీసే మా మేనత్త కొడుకు, అంటే మా బావ, ముహూర్తాలు లేని ఆషాఢంలో ఊరికే కూర్చోలేక ప్రేమకథ తీస్తానని బయల్దేరాడు. హీరో మా పక్కింటి అబ్బాయి, ప్లాంటులో అప్రెంటిస్. అతనికి ఉదయం షిఫ్టు పడ్డ వారాల్లోనే మా ప్రేమ ముందుకు సాగేది. నన్ను పంపడానికి మా అమ్మ పెట్టిన షరతు ఒక్కటే: "పిల్ల మొకం అగుపడిందా, నీ కెమెరా ఇరగ్గొట్టీగల్ను." అందుకని సినిమా పొడుగునా నా జడ, గాజుల చేతులు, సైకిలు తొక్కే పాదాలు తప్ప ఇంకేమీ లేవు. మీరు నమ్మరు గాని, ఆ జడకే మా వీధిలో అభిమానులుండేవారు.

నాకు హీరో సంగతి పట్టేదే కాదు. ఒక కన్ను మూసుకుని కెమెరాలోంచి నన్ను చూసే మనిషి మీదే నా ప్రాణమంతా. ప్లాంటు ఉద్యోగం ఉన్నవాడికే పిల్లనిస్తానని నాన్న ఎప్పుడూ అనేవారు, ఆ మాట బావకూ తెలుసు, నాకూ తెలుసు, అందుకే ఇద్దరం నోరు విప్పేవాళ్లం కాదు.

చివరి దృశ్యానికి లైట్లు లేవు. సాయంత్రం పూట ప్లాంటువాళ్లు కరిగిన స్లాగ్, అంటే ఇనుము తీశాక మిగిలే నిప్పులాంటి మడ్డి, పారబోస్తే మబ్బులన్నీ ఎర్రబడేవి, ఆ కాసేపట్లోనే తీయాలి. హీరో వెళ్లిపోతాడు, నేను వీపు తిప్పి నిలబడాలి. నిలబడ్డాను. ఏమనిపించిందో ఏమో, ఆ వెలుగులో ఒక్కసారి వెనక్కి తిరిగి బావకేసి చూశాను. అతను కెమెరా ఆపలేదు. తప్పు వస్తే టేపు వెనక్కి తిప్పి దాని మీదే మళ్లీ తీయడం అతని పద్ధతి, ఆ ముక్కను మాత్రం చెరపలేదు.

వినాయక చవితి పందిట్లో టీవీ పెట్టి ఆడించినప్పుడు, సరిగ్గా నేను తిరగబోయే ముందు లేచి మీట నొక్కి ఆపేశాడు. "ఏటి బాబూ, పిల్ల ఇటు తిరిగితే ఏటి పోతాది?" అని వెనకనుంచి ఒక తాతగారు అంటే అందరూ నవ్వారు, మా అమ్మతో సహా. నన్నిమ్మని నాన్నను అడుగుతాడని మాఘం దాకా ఎదురుచూశాను. అడగలేదు. నాన్న తెచ్చిన ప్లాంటు సంబంధమే ఖాయమైంది. మా ఆయన మంచివాడే, కాదనను. పెళ్లి వీడియో బావే తీసి, క్యాసెట్ నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

ఒకనాటి మధ్యాహ్నం, మా ఆయన డ్యూటీకి వెళ్లాక, ఆ క్యాసెట్ చివరిదాకా చూశాను. అప్పగింతలు అయిపోయాయి, తెర మీద గీతలు వచ్చాయి, ఆపుదామని లేచేసరికి ఎర్రటి ఆకాశం, నా జడ, నేను ఇటు తిరగడం. సినిమా క్యాసెట్ మీదే మా పెళ్లంతా తీసి, ఆ చూపు ఒక్కటీ చెరిగిపోకుండా దాని ముందే ఆపేశాడు. కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు మొహం దాచుకోమనే అమ్మలు లేరు, మంచిదే. మా అమ్మాయి పొద్దున లేస్తూనే ఫోన్‌లో తన ఫొటోలు తీసుకుంటుంది, నచ్చనివి వేలితో తుడిచేస్తుంది. తుడిచేటప్పుడల్లా, వద్దే తల్లీ, ఒక్కటుంచు అనబోయి ఊరుకుంటాను.