అన్న అంగట్లో వేలాడిన సర్టిఫికెట్

మా ఆయన ఫార్మసిస్టు సర్టిఫికెట్ మా ఇంట్లో దేవుడి పటాల వరుసలోనే ఉండేది. శుక్రవారాలు తిరుత్తణి కొండ స్వామికి బొట్టు పెట్టిన వేలితోనే దాని అద్దానికీ పెట్టేదాన్ని. నేను బడికి పోలేదు. తెలుగు మా నాయన ఇంట్లోనే నేర్పాడు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఆ పటంలో మా ఆయన పేరు చూసి ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. ఆయన ఊళ్ళో ఒక డాక్టరు గారి దగ్గర మందులిచ్చేవారు. మా అన్నం ఆ పేరు మీదే నడిచేది.

ఎనభైల మొదట్లో అనుకుంటాను, మదరాసు నుంచి కాగితం వచ్చింది. ఫార్మసిస్టుల రిజిస్టరులో పేరు నిలవాలంటే కట్టే ఫీజు బాగా పెంచారు. గడువు దాటితే పేరు కొట్టేస్తారు.

"మంచిదే," అన్నారు ఆయన. "మందుల అంగళ్ళు చూసేదానికి ఇన్‌స్పెక్టర్లు చాలరు. ఈ డబ్బుతో ఇంకొందర్ని వేస్తారంట."

"వాళ్ళ జీతాలకి మన కడుపు కొట్టాల్నా?" అన్నాను. ఆ నెలలోనే మా అత్తగారికి కంటి ఆపరేషన్.

ఆ వారమే మా అన్న వచ్చాడు. కనకమ్మ సత్రం రోడ్డు మీద అతనికి మందుల అంగడి ఉండేది. ఫార్మసిస్టు లేకుండా అంగడి తెరవకూడదు. అతని ఫార్మసిస్టేమో పని మానుకుని పోయాడు.

"ఫీజు నేను కడతా బావా. పటం నా అంగట్లో తగిలించుకుంటా. మీరు రానక్కర్లే. తిరువళ్ళూరు దాకా అందురూ ఇట్లనే చేస్తా ఉండారు."

"నేను లేని చోట నా పేరేంటికి బావా?" అన్నారు ఆయన.

"స్వామి కొండ మీదనే కదా ఉండాడు, పటం ఇంటింటికీ లేదా?" అని అన్న నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

"తోడబుట్టినోడు అడిగితే కాదంటారా?" అన్నాను. ఆయన పటం వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని పనికి పోయారు. నేనే స్టూలెక్కి పటం దించి, బొట్టు తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి అన్న చేతికిచ్చాను.

మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కూలి చేసుకునే ఒక తల్లి పసిబిడ్డను చంకనేసుకుని అన్న అంగడికి వచ్చింది. బిడ్డకు విరేచనాలు. అన్న పెద్దవాళ్ళ మాత్ర ఒకటి సగానికి విరిచి, పాలల్లో కలిపి పట్టమన్నాడు. పసిదానికి ఇయ్యొచ్చునా అని ఆమె అడిగితే, గోడ మీది పటం చూపించాడట. బిడ్డ నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు.

పదోనాటికి అన్న అంగడికి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆ పెంచిన ఫీజుతో వేసినవాళ్ళలో ఒకడే. ఒక్క పక్షం ముందు వచ్చి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. మా ఇంటికీ వచ్చి, మంచినీళ్ళు తాగి, నెమ్మదిగానే అడిగాడు. మా ఆయన ఏదీ దాచలేదు. "పేరు ఇచ్చింది నేనే సార్," అన్నారు. నా మాట ఎత్తలేదు. అన్న అంగడికి తాళం పడింది. రిజిస్టరులో మా ఆయన పేరు పోయింది. డాక్టరు గారు కళ్ళనీళ్ళతోనే ఆయన్ని పని మాన్పించారు.

ఆ తల్లిని చూడడానికి ఇద్దరం వెళ్ళాం. ఆమె చాప పరిచింది. తిడుతుందేమోనని తల వంచుకుని కూర్చున్నాం. ఆమె మా ఆయన్ని అడిగింది.

"ఆ పొద్దు నువ్వు యాడ ఉంటివి సామీ? నీ పేరు చూపిచ్చే కదా ఆ మాత్ర ఇచ్చినాడు."

ఆయన చేతులు జోడించారు. పటం పంపింది నేనమ్మా అనాలనుకున్నాను. అనకుండానే లేచి వచ్చేశాను.

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ "నీ వల్లే కదా" అని ఒక్క మాట అనలేదు. ఆ దయకు రోజూ కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటాను. మమ్మల్ని శపించకుండా చాప పరిచిన ఆ తల్లికీ పెట్టుకుంటాను.

ఆమెకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.