కిటికీ పక్క మగ్గం

రెండు వారాల కింద, మంగళవారం పొద్దున, మా కాక కన్నుమూశారు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మాకు రెండిళ్ల అవతల ఉండేవారు. కాక అనేది వరుసకే, రక్తసంబంధం లేదు. అమ్మ వచ్చి చెప్పినప్పుడు, ఆయనకు చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయిందని తోచింది. ఆయన గురించి మంచి మాటలు రాయాలంటే ముందు అది రాయాలి.

కాన్వెంటుకు వెళ్ళే రోజుల్లో ఒకసారి నా బూటు తాడు తెగితే ఆయన నేతగాళ్ల ముడి వేసి అతికారు. బూట్లు చిరిగిపోయాయి గానీ ఆ ముడి ఊడలేదు. టవళ్ల కార్ఖానాలో ఆయనది కిటికీ పక్క మగ్గం. ఆ వెలుతురులో పోగు తెగడం, ఆయన చెయ్యి మగ్గాన్ని ఆపడం ఒకేసారి జరిగేవి.

నిరుడు ఆ కార్ఖానా యజమాని నాతో ఒక చిన్న కంప్యూటర్ పెట్టించారు. అరచేతిలో పట్టే బోర్డు. ఏ మగ్గం ఎంత నేసిందో వైఫైలో ఆయన ఫోన్‌కు పంపాలి. వైఫై మాటిమాటికీ తెగిపోయేది. నేను బోర్డు ఆపి మళ్ళీ పెట్టేదాన్ని, రూటర్ జరిపేదాన్ని, పాస్‌వర్డ్ మార్చేదాన్ని, అన్నీ ఒకేసారి.

"ఏంది బిడ్డా, మనుషులతోని మాట్లాడవు, గా డబ్బీతోని ఏం ముచ్చట?" అని కాక నవ్వేవారు. ఒకరోజు దగ్గరికొచ్చి, "ఒక్కటి మార్చి చూడు. అటెంక ఇంకోటి. అన్నీ ఒక్కపారి మారిస్తె దేనికి బాగైందో నీకెట్ల ఎర్కైతది?" అన్నారు.

నేను వినలేదు. బోర్డు పక్కనే ఉన్న ఆయన మగ్గం మోటారు వల్లే సిగ్నల్ చెడుతోందని యజమానికి చెప్పాను. పరీక్షించి చెప్పింది కాదు. యజమాని ఆ మగ్గం ఆపించి, కాకను లోపలి మూల మగ్గానికి పంపారు. అదే రోజు నేను బోర్డుకు పెట్టిన పాత ఫోన్ ఛార్జర్ కూడా మార్చాను. వైఫై మళ్ళీ తెగలేదు.

నెల తర్వాత మెకానిక్ నూనె వేసి కిటికీ పక్క మగ్గాన్ని గంటసేపు నడిపాడు. వైఫై నిలిచే ఉంది. బోర్డులో పాత రికార్డు తీసి చూశాను. తెగిన ప్రతిసారీ కరెంటు చాలడం లేదన్న హెచ్చరిక ఉంది. తప్పు ఛార్జర్‌ది. రెండుసార్లు యజమాని గది గుమ్మం దాకా వెళ్ళి, చెప్పకుండానే వెనక్కి వచ్చాను.

మూలలో ఉన్నది ఒక్క ట్యూబ్‌లైటు. కాక బట్టను ముక్కు దగ్గరికి పట్టుకుని చూసేవారు. అయినా టవళ్లలో లోపాలు పడ్డాయి.

"నా కండ్లు పోయినయ్ బిడ్డా. ఇగ మగ్గాన్ని బద్నాం చేసుడెందుకు? నీ డబ్బీ మంచిగ నడుస్తున్నదా?"

"నడుస్తున్నది కాకా."

"గంతే చాలు."

ఆ వారమే పని మానుకున్నారు. తర్వాత రోజంతా గడపలో కూర్చునేవారు. నేను కనబడితే పక్కకు జరిగి చోటిచ్చేవారు. నేను పని ఉందని వెళ్ళిపోయేదాన్ని.

దినాలైన మర్నాడే కాక భార్య, మా చిన్నమ్మ, మళ్ళీ బీడీల చాట ముందు కూర్చుంది. నిన్న వెళ్ళి అంతా చెప్పాను. చుడుతూనే విన్నది. ఛార్జర్ సంగతి ఆమెకు పట్టలేదు. చివరికి ఒక్కటే అడిగింది.

"అంటే, ఆయన కండ్లు మంచిగనే ఉండెనా?"

"ఉండె చిన్నమ్మా. ఆడ ఎలుతురు లేకుండె, గంతే."

ఆమె చేతులు ఆగిపోయాయి. ఇంకా దారం కట్టని బీడీ ఆమె వేళ్ళ మధ్య మెల్లగా విచ్చుకుంది. తంబాకు కొంచెం కొంచెంగా చాటలోకి రాలింది.