మెత్తనిదల్లా అహరోనుదే

మెత్తగా ఏది కనిపించినా మా అహరోను వేలితో నొక్కి చూడాల్సిందే. ఇడ్లీ, బన్ను, దిండు, బొజ్జ అన్న తేడా లేదు.

కరీంనగర్‌లో మా ఇద్దరిదీ ఒకే ఆఫీసు. డాక్టర్లు మనుషుల జోలికి వచ్చేముందు కంప్యూటర్ తెర మీద ఆపరేషన్లు నేర్చుకునే యంత్రం తయారుచేస్తాం. డాక్టర్ చేతిలో పరికరం పిడి ఉంటుంది, తెర మీద కాలేయం, పేగులు ఉంటాయి. నొక్కితే ఏది ఎంత లొంగాలి, ఎక్కడ చిరగాలి అన్న లెక్క అహరోనుది.

ఒకసారి అహరోను ట్రాఫిక్ కానిస్టేబుల్ బొజ్జ నొక్కాడు.

"ఏందయ్యా గిది?"

"వేలు తీసినంక మల్ల పైకి రానీకి జర టైం పడుతున్నది సార్. ఇంకోపారి నొక్కాల్నా?"

హెల్మెట్ పెట్టుకున్నా చలానా తప్పలేదు.

చెన్నూరులో మా ఆఫీసు కుర్రాడు రంజిత్ పెళ్లికి వెళ్లి, అక్షింతలు వేయడం మానేసి పెళ్లికొడుకు బుగ్గ నొక్కాడు. "కాలేయం కన్న మెత్తగున్నది తమ్మీ," అని మెచ్చుకున్నాడు. పెళ్లికూతురు రెండడుగులు వెనక్కి జరిగింది.

కిందటేడు మంచిర్యాలలో మా అవ్వ లస్మవ్వకు పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. ఆపరేషన్ తప్పదన్నారు. అవ్వ ససేమిరా అంది.

"నా కడుపుల ఎవలో చెయ్యి వెడితె నేనూకోను."

నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా అదే మాట.

సంగతి విని అహరోను యంత్రాన్ని కారులో వేసుకొచ్చి మా ఇంట్లో దించాడు. పిడి అవ్వ చేతికిచ్చాడు.

"నువ్వే చెయ్యి అవ్వా."

అవ్వ ఒక్క గుంజు గుంజింది. తెరంతా నెత్తురు.

"సచ్చిందా?"

"సచ్చింది. ఈసారి మెల్లగ వట్టు."

పొద్దుగూకేసరికి అవ్వ చాలామందిని చంపి, చివరికి ఒకామెను బతికించింది. చెమట తుడుచుకుంటూ అడిగింది.

"మంది కడుపులు నొక్కుకుంట తిరుగుతవట, ఎందుకు బిడ్డా?"

"తెర మీది కడుపు గట్టిగుంటె డాక్టర్ చెయ్యి గట్టిగనే అలవాటైతది అవ్వా. గా చెయ్యి రేపు నీ మీద వడ్తది. అందుకే అసలు కడుపులెట్లుంటయో నొక్కి చూస్త."

అవ్వ కాసేపు అతని వేలి వంకే చూసింది.

"సరే. నన్ను కోసే డాక్టర్ ముందుగాల నా కండ్ల ముంగట దీని మీద చెయ్యాలె."

యంత్రాన్ని ఆసుపత్రికి మోశాం. అవ్వకు ఆపరేషన్ చేయాల్సిన డాక్టర్ జ్యోతిరాణి నవ్వి పిడి అందుకుంది. అవ్వ పక్కనే కుర్చీ వేసుకుని, "గటు గుంజకు బిడ్డా, మెల్లగ," అంటూనే ఉంది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మర్నాడు వార్డులో పక్క మంచం ఆమె బెరుకుగా అడిగింది.

"డాక్టరమ్మ మంచిగ చేస్తదా అక్కా?"

"ఫికర్ జెయ్యకు," అంది అవ్వ, దుప్పటి సర్దుకుంటూ. "నేనే నేర్పిన."