లింగన్న తుడిచేసిన ఫొటోలు

ముందే ఒప్పుకుంటున్నాను: నా మాటల్లో తాలు ఎక్కువ, చెరిగి చదువుకోండి. కానీ కాటికి పోయిన మనిషికి కట్టుకున్నదాని చేత తిట్లు తినిపించిన ఘనుణ్ని నేనేనన్నది మాత్రం గట్టి గింజే.

అప్పట్లో కోరుట్లలో నాకో కంప్యూటర్ రిపేరు దుకాణం ఉండేది. మల్లాపూర్ నుంచి రాజవ్వ వచ్చి, కొంగుముడి విప్పి మెమరీ కార్డు నా చేతిలో పెట్టింది. ఆమె భర్త లింగన్న, కల్లు గీసే మనిషి, మూడు నెలల కింద పోయాడు.

“చెట్టు మీదికెల్లి నన్ను పిలుసుకుంట తీసిన వీడియో ఉండె కొడుకా. ఇప్పుడు కార్డు పెడితే ఫోను ఏం జూపిస్తలేదు. గా గొంతు ఒక్కటి ఇప్పియ్యి.”

కార్డుకు దెబ్బ తగలకుండా, అందులో ఉన్నదంతా అచ్చు గుద్దినట్టు కంప్యూటర్‌లోకి నకలు తీశాను. ఇక ఆ నకలులోంచి ఫైళ్లు వెలికితీయాలి; దానికి నా దగ్గర ఓ పనిముట్టు, అంటే ఓ ప్రోగ్రామ్, ఉంది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో ఒకే ఒక్క వరుస ఆదేశం కొట్టాను. ఆ కొట్టుడుకు కొండగట్టు గుడి కోతులు కూడా కొబ్బరిచిప్పలు వదిలేసి ఇటు తిరిగి ఉంటాయి. ఫొటోలు బిలబిలా రాలాయి.

మొదటిది అడ్డమొచ్చిన వేలు. రెండోది నేల. మూడోదాంట్లో లింగన్న కనిపించగానే రాజవ్వ స్టూలు ముందుకు జరుపుకుంది.

“గిదేడ?”

“సిరిసిల్ల బస్టాండ్ లెక్క ఉందవ్వా.”

“గీ అంగీ ఏస్కొనే కొండగట్టు మొక్కుకు పోతున్న అన్నడు, చెప్పుల్లేకుంట నడిసి! కాళ్లకు గా కొత్త చెప్పులేంది? చేతుల గా మటన్ బొక్కేంది?” ఇక తెరకే వేలు చూపించింది. “ఓ ముసలోడా! కాళ్లు గుంజుతున్నయంటే నూనె రాసి పిసికితి గదనయ్యా!”

పక్క కొట్టు టైలర్ సలీం భాయ్ మిషను ఆపి మరీ వచ్చాడు.

ఫొటోలు అయిపోయాయి. వీడియో లేదు.

“ఇంతే అవ్వా. మిగిలింది పోయింది,” అన్నాను, పెద్ద డాక్టరులా.

తిట్లు ఆగిపోయాయి. కార్డు మళ్లీ కొంగున కట్టుకొని బస్టాండు వైపు నడిచింది.

సలీం భాయ్ గడ్డం గోక్కున్నాడు. “అరె భాయ్, గా ఫొటోలు ఆమె ఫోన్ల ఎన్నడు జూడలేదంటే, ముసలాయన ఆలికి కనవడద్దని తుడిసేసినయే అన్ని అచ్చినట్టు. తుడవకుంట దాసుకున్నది ఒక్కటి గూడ రాలే. గట్లెట్ల?”

జీవితంలో తొలిసారి ఆ పనిముట్టు వాడే పద్ధతి రాసిన పేజీ తెరిచి చదివాను. ఏమీ చెప్పకపోతే అది తుడిచేసినవే తీస్తుందట. తుడవనివి కూడా కావాలంటే ఆ ముక్క ఆదేశంలో విడిగా చెప్పాలట. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. నా తలను తన్నింది నేను చదవని ఒక్క వాక్యం.

పరుగెత్తి, బస్సు ఎక్కబోతున్న రాజవ్వను వెనక్కి తెచ్చాను. ఈసారి అన్నీ అడిగాను. వీడియో వచ్చింది.

తాటిమట్టల చప్పుడు. చెట్టు కింద చిన్న బొమ్మలా రాజవ్వ. పైనుంచి లింగన్న గొంతు: “రాజీ, కింద నిలవడకు, మట్ట పడ్తది. జర దూరం జరుగు.”

రాజవ్వ స్టూలు వెనక్కి జరుపుకుంది. సలీం భాయ్ చేతిలోని గుడ్డముక్కతో కళ్లు తుడుచుకున్నాడు.

“మరి గా తుడిసిన ఫొటోలు తీసేయనా అవ్వా?” అని అడిగాను.

“ఉండనియ్యి కొడుకా. తిట్టకుంట ఎన్ని పొద్దులుండాలె?”

పద్ధతి చదవకుండా ‘పోయింది’ అనే మాట ఇక నా నోట రానివ్వనని ఆ నల్ల తెర మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

తాలు ఏదంటారా? కళ్లు తుడుచుకున్నది సలీం భాయ్ అని రాశాను కదా. గుడ్డముక్క మాత్రమే ఆయనది.